పోటు దిగుతున్నా నీళ్లు లోపలికేనా?

ప్రశ్న: మొగ (సరస్సు సముద్రంలో కలిసే చోటు) దగ్గర చూశానండి, సముద్రం తగ్గడం మొదలైనా నీళ్లు ఇంకా లోపలికే జోరుగా పోతున్నాయి, ఇదేం లెక్క?

జవాబు: నీళ్లని తోసేది పోటు కాదండీ, అటూ ఇటూ మట్టాల్లో ఉన్న తేడా. మొగ ఇరుకు కదా, లోపలి సరస్సు నిండటం లేటవుతుంది, సముద్రం దిగుతున్నా లోపల మట్టం ఇంకా కిందే ఉంటే నీళ్లు అటే పోతాయి, రెండూ సమానమయ్యాక కాసేపు ఆగి వెనక్కి తిరుగుతాయి (అప్పుడో ఆకు వేసి చూడండి, దాదాపు ఉన్నచోటే తేలుతుంటుంది). చాలా తీరాల్లో సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి ఇదే తంతు.

నన్నడిగితే అసలు డేంజర్ ఆటు టైమ్‌లోనే. బయటికొచ్చే ప్రవాహానికి ఎదురైన అలలు దగ్గరదగ్గరగా జరిగి, నిటారుగా లేచి విరుగుతాయి, పడవలు తిరగబడేది అక్కడే. పైగా స్పీడు డబుల్ అయితే నీళ్ల తోపు నాలుగింతలు! సెకనుకి 1 మీటరే కదా అనుకుంటాం గానీ మామూలు ఈతగాళ్లు దానికి ఎదురీదలేరు.