పాటను దిద్దకు

చిరంజీవికి ఆశీస్సులు.

కార్డిఫ్‌లో ఉంటూ వేల్స్ జానపద గీతాల మీద పుస్తకం రాయబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. పల్లెల దారి పట్టేముందు కార్డిఫ్ పక్కనే ఉన్న సెయింట్ ఫాగన్స్ జానపద జీవన మ్యూజియంలో కొన్నాళ్లు కూర్చో. పాటల సేకర్త రూత్ హెర్బర్ట్ లూయిస్ పాతకాలపు ఫోనోగ్రాఫ్‌తో మైనపు సిలిండర్ల మీద పట్టిన పాటలూ, 1963 నుంచి రాయ్ సేర్ సేకరించినవీ అక్కడున్నాయి. అబెరిస్ట్విత్‌లోని నేషనల్ లైబ్రరీలో జె. లాయిడ్ విలియమ్స్ రాతప్రతులు తప్పక చూడు. 1906లో ఏర్పడ్డ వెల్ష్ జానపద గీత సంఘం పత్రికకు ఏళ్ల తరబడి ఆయనే సంపాదకుడు.

సిలిండర్ మీద పట్టేది దాదాపు రెండు నిమిషాలే. వేసిన ప్రతిసారీ మైనం అరిగిపోయేది కూడా. అందుకే చాలా పాటలకు ఒకటి రెండు చరణాలే మిగిలాయి. నీకా ఇబ్బంది లేదు కాబట్టి ఆఖరి చరణం దాకా ఆపకు. మొదటి చరణంలో పాడేవాళ్లు ఇంకా శ్రుతి వెతుక్కుంటుంటారు, మూడో చరణానికి గొంతు కుదురుకుంటుంది. ఆ చరణాన్నే మూలంగా రాసుకుని, మిగతావాటిలో మాటల పొడుగును బట్టి వరస ఎక్కడ మారిందో కింద గుర్తు పెట్టు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం దిద్దాలన్న కోరిక. వెల్ష్ పాటల్లో డోరియన్ మోడ్ అనే పాత స్వరక్రమంలో ఉన్నవి చాలానే ఉన్నాయి. స్వరస్థానాలవరకు అది మన ఖరహరప్రియ రాగం: చతుశ్రుతి ధైవతం (పై 'ద'), కైశికి నిషాదం (కింది 'ని'). పియానో తోడు రాసినవాళ్ల చెవికి ఆ నిషాదం తప్పుగా తోచి పైకెత్తి కాకలి చేశారు, ధైవతాన్ని శుద్ధానికి దించారు. అలా ఖరహరప్రియ కాస్తా కీరవాణి అనే వేరే రాగం అయి అచ్చెక్కింది. నీకు కర్ణాటక సంగీతం తెలుసు కనుక తేడా వెంటనే పట్టేస్తావు. కానీ నీ నోట్సులో రాగం పేరు రాయకు. రాస్తే చెవి వెంటనే లేని గమకాలు వినడం మొదలుపెడుతుంది. ఒక్కోసారి అదే మనిషి ఒక చరణంలో ఒక నిషాదం, ఇంకో చరణంలో ఇంకోటి పాడతారు. రెండూ రాసుకో.

పాత ప్రతులు చాలావరకు టానిక్ సోల్‌ఫాలో, అంటే స్వరాలను అక్షరాలతో రాసే పద్ధతిలో ఉంటాయి. చాపెల్ (ప్రార్థనాలయం) గాయకులందరికీ వచ్చిన లిపి అది. మన షడ్జమంలాగే అందులో 'డో' ఎక్కడైనా ఉండొచ్చు, కనుక అసలు శ్రుతి ఏమిటో పక్కన రాయకపోతే ఇక ఎప్పటికీ తెలియదు.

రికార్డింగ్‌కు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు చాలు. ఆటో గెయిన్ ఆపెయ్యి, అది చిన్న గొంతునూ పెద్ద గొంతునూ ఒకే మట్టానికి తెస్తుంది. మైకు నోటికి జానెడున్నర దూరంలో, కొంచెం పక్కకు. గోడగడియారం వేరే గదిలోకి. ముందుగా తేదీ, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది వాళ్ల నోటితోనే చెప్పించు. మూల ఫైలు మీద నాయిస్ రిడక్షన్ ఎప్పుడూ వాడకు. వెల్ష్‌లో నాలుక పక్కలనుంచి గాలి ఊది పలికే లకారం ఒకటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని బుస అనుకుని మింగేస్తుంది. మూడు కాపీలు తీసి, ఒకటి వేరే ఊళ్లో ఉంచు.

డిసెంబరు చివర్లో మధ్య వేల్స్‌లోని మాంట్‌గోమరీషైర్‌లో ప్లగైన్‌కు, అంటే చర్చిల్లో జరిగే క్రిస్మస్ పాటల సభకు వెళ్లు. వాద్యం లేకుండా ఒక్కో బృందం లేచి కారల్ (క్రిస్మస్ పాట) పాడి వెనక్కి వెళ్లిపోతుంది, ఆ సాయంత్రం పాడిన పాట మళ్లీ పాడరు. మొదటి ఏడు ఊరికే విను. కొన్ని కుటుంబాల దగ్గర తరాలుగా వస్తున్న చేతిరాత పుస్తకాలుంటాయి. వాటిని ఫొటో తీస్తానని నోరు జారకు. నమ్మకం కుదిరాక అడుగు. భద్రపరచడానికి, అచ్చుకు, ఇంటర్నెట్‌కు విడివిడిగా అనుమతి రాయించుకో. అచ్చు వద్దంటే ఆ పాట నీ పుస్తకంలో ఉండకూడదు. భద్రపరచడానికి మాత్రం ఒప్పుకుంటే, ఎవరు ఎప్పుడు వినవచ్చో వాళ్ల షరతులు రాసిన కాగితం జతచేసి రికార్డును సెయింట్ ఫాగన్స్‌కు అప్పగించు.