ముందు ఆ ట్రే చూడు

తమ్ముడూ,

డెన్మార్క్ చిత్రకారుడు హామర్‌షోయ్ వేసిన బొమ్మ మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివా. మొదటి లైన్లోనే "ఒంటరితనం" అనేశావు, ఇంక చదివేవాడికి ఆ బొమ్మలో చూడ్డానికి ఏం మిగిల్చావు చెప్పు.

నాలుగు రోజులు ఆ మాట పక్కనపెట్టి బొమ్మ ముందు కూర్చో. నల్ల బట్టల్లో ఒకావిడ, వీపు మనవైపు, నడుముకి ఆనించి పట్టుకున్న ట్రే, పక్కన మూత సరిగ్గా కూర్చోని పింగాణీ గిన్నె, మిగతాదంతా బూడిదరంగు గోడ. అంత చల్లటి రంగుల మధ్య మెడ వెనకాల కాస్త చర్మం ఒక్కటే వెచ్చగా కనిపిస్తుంది, మన కన్ను తిరిగి తిరిగి అక్కడికే పోతుంది, నాకైతే ఆ బొమ్మ మూడ్ అంతా అక్కడే ఉందనిపిస్తుంది. ఇంకోటి, ఆవిడ ఆయన భార్య ఈడా. 1898 నుంచి 1909 దాకా కోపెన్‌హాగెన్‌లో స్ట్రాండ్‌గేడ్ వీధిలో 30వ నంబరు ఇంట్లో కాపురం ఉండి, ఆ ఇంటి గదుల్నే మళ్ళీ మళ్ళీ వేశాడాయన. అంటే ఆవిడ వెనకాల నాలుగడుగుల్లో మొగుడు బ్రష్ పట్టుకుని ఉన్నాడన్నమాట, మరి అది ఒంటరితనమేనా, లేక ఎవరో చూస్తున్నారని తెలిసీ తిరక్కుండా నిలబడ్డమా? నాకు రెండోదే బలంగా అనిపిస్తుంది, నీకు వేరేలా అనిపిస్తే రాయి, కానీ బొమ్మలోంచి చూపించి రాయి.

సింబల్స్ దగ్గర మాత్రం జాగ్రత్త. డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన బొమ్మ ఒకటుంది జర్మనీలోని డ్రెస్డెన్‌లో, కిటికీ దగ్గర ఉత్తరం చదువుకునే అమ్మాయి. ఆ వెనక ఖాళీ గోడ చూసి అది ఆ పిల్ల మనసులోని మౌనమని నేను పేజీన్నర రాశా, ఎంతో నమ్మి రాశా. ఆ గోడ రంగు కింద క్యూపిడ్ అనే ప్రేమదేవుడి బొమ్మ ఉందని 1979లోనే ఎక్స్‌రేలో తేలింది, కానీ వెర్మీరే కప్పేశాడనుకున్నారు, తీరా 2017లో పరీక్షిస్తే ఆయన పోయాక ఎవరో పూసిన రంగని తెలిసింది, ఆ పూత తీసేసి 2021లో అందరికీ చూపించారు. నా మౌనం అంతా పరాయివాడి పూత మీద నిలబడిందన్నమాట, చాలా బాధేసింది. అదే వ్యాసంలో కిటికీ అద్దంలో ఆ పిల్ల మొహం మసగ్గా కనిపించడం గురించి, కాగితాన్ని బిగించి పట్టుకున్న వేళ్ళ గురించి రాసిన రెండు వాక్యాలు మాత్రం ఇప్పటికీ మార్చక్కర్లేదు.

నీ మూడో పేరాలో కూడా అలాంటిదొకటుంది, "ట్రే ఖాళీ, కానీ పట్టుకున్న చెయ్యి బరువు మోస్తున్నట్టుంది" అన్నావే, అది. పైన ఉన్నదంతా తీసేసి అక్కణ్ణుంచి మొదలెట్టి మళ్ళీ రాసి పంపు, ఎదురుచూస్తుంటా.

మీ అన్న