కమాన్ పట్టా కత్తి అంచున పగులు: సమాధానం

ఆటోనగర్‌లో కొన్న పాత లారీ కమాన్ పట్టాతో, అంటే చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు ఉక్కు పట్టీతో, చేసిన వంటకత్తిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచగానే టిక్కుమన్న చప్పుడు వినిపించిందనీ, అంచున వెంట్రుకంత పగులు కనబడిందనీ మీరు రాశారు. ఆ పగులుకు చాలావరకు కారణం నీళ్లే. ఈ రకం ఉక్కు అంత హఠాత్తుగా చల్లబడితే తట్టుకోలేదు కనుక, సుమారు 50 డిగ్రీలకు వేడిచేసిన నూనెలో ముంచాలి. కొలిమిలో సుమారు 770 డిగ్రీల వద్ద ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఎరుపు మరొక్క ఛాయ తేలేదాకా మాత్రమే కాల్చి బయటికి తీయండి. విజయవాడ ఎండ వెలుగులో ఆ ఛాయను కన్ను పోల్చుకోలేదు కనుక నేను దీపాలు పెట్టే వేళ దాటాకే కొలిమి రాజేస్తాను.

ముంచిన తరువాత ఆకురాయి అంచును కరవకుండా జారిపోతే కత్తి గట్టిపడినట్లే, కానీ ఆ స్థితిలో అది గాజుతో సమానం. అందుచేత చల్లారిన గంటలోపే 200 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటల చొప్పున రెండుసార్లు ఉంచండి. రుద్ది మెరిపించిన చోట లేత గడ్డి రంగు రావాలి. నీలం తేలితే అంచు మెత్తబడిందని అర్థం. అన్నట్టు, వాడిన పట్టాలో కంటికి ఆనని పాత పగుళ్లు కూడా ఉండవచ్చు. ఇప్పటి కత్తిని అతికించే ప్రయత్నం చేయక, పగులు పూర్తిగా పోయేదాకా కోసివేసి, మిగిలిన ముక్కతో చిన్న కూరగాయల కత్తి చేసుకోండి.