వేలికి ఉంగరం పడటం లేదు... పెళ్లికి ఏ లోహంతో చేయించుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. మాది గుంటూరు. జీడిమెట్లలో సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్‌తో నడిచే, లోహాన్ని కోసే యంత్రం) ఆపరేటర్‌గా చేస్తున్నాను. నిశ్చితార్థంలో అత్తగారి వాళ్లు వైట్ గోల్డ్ ఉంగరం పెట్టారు. నెలన్నర తిరక్కుండానే దాని కింద దురద, పొక్కులు మొదలయ్యాయి. ఇప్పుడు చర్మం పగులుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. చిన్నప్పటి నుంచి బెల్టు బకిల్ తగిలే చోట కూడా దురద ఉంది. డిసెంబరులో చర్చిలో పెళ్లి. ఆ రోజు తొడిగిన ఉంగరం ఇక తీయకూడదని అమ్మ అంటోంది. అందుకే అరగని, గీత పడని లోహం కావాలి. టంగ్‌స్టన్ జీవితాంతం ఉంటుందని ఆన్‌లైన్‌లో చూశాను. తీసుకోవచ్చా? వేలి ఫొటో పంపుతున్నాను.

జవాబు: మీరు బెల్టు బకిల్ సంగతి రాయడం మంచిదైంది. బొడ్డు దగ్గర బకిల్ గానీ జీన్స్ గుండీ గానీ తగిలే చోట ఏళ్ల తరబడి దురద ఉందంటే ముందు నికెల్ అలర్జీనే అనుమానిస్తాం. లోహాల అలర్జీల్లో ఎక్కువగా కనిపించేది అదే. పసుపు బంగారాన్ని తెల్లగా మార్చడానికి అందులో నికెల్ గానీ పల్లాడియం గానీ కలుపుతారు. పైన మెరుపు కోసం రోడియం పూత వేస్తారు. ఆ పూత చాలా పలుచన. అది అరిగాక నికెల్ నేరుగా చర్మానికి తగులుతుంది. మీ ఉంగరంలో ఏం కలిపారో షాపులో అడగండి.

అయితే తప్పంతా ఉంగరానిదేనని నేను అనుకోవడం లేదు. కొత్త ఉంగరం పూత నెలన్నరకే పోవడం మామూలుగా జరగదు. మీరేమో రోజంతా కూలెంట్‌లో, అంటే లోహం కోసేటప్పుడు వేడి తగ్గించే ద్రవంలో, చేతులు పెట్టే పనిలో ఉన్నారు. కూలెంట్, నూనె, షిఫ్టు అయ్యాక కడుక్కునే సబ్బు ఉంగరం కింద చేరి అక్కడే నిలిచిపోతాయి. ఆ తడికి చర్మం నాని, ఒరుసుకుపోతుంది. ఫొటోలో ఎరుపు, పొట్టు సరిగ్గా ఉంగరం వెడల్పు మేరకే ఉన్నాయి. ఈ రకం దద్దుర్లు అలర్జీ లేనివాళ్లకూ వస్తాయి. ప్లాటినం పెట్టుకున్నా వస్తాయి. మీ విషయంలో రెండూ కలిసి ఉండొచ్చు.

ముందు ఉంగరం తీసేయండి. పక్క వేలికి మార్చడం కాదు, పూర్తిగా తీసేయండి. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి కొట్టే క్రీములు కౌంటర్ మీద ఇస్తుంటారు. మీరు రాస్తున్నది అదే అయితే ఆపేయండి. రాస్తే తగ్గి, మానితే తిరగబెట్టడం వాటి లక్షణమే. దగ్గర్లోని చర్మ వైద్యులు చూసి, సరిపడా బలమున్న స్టెరాయిడ్ క్రీము ఒకటి వారం పది రోజులకు రాసిస్తారు. చేతులు కడిగిన ప్రతిసారీ వేళ్ల సందులు పొడిగా తుడుచుకుని వాజిలిన్ రాయండి.

ఇక టంగ్‌స్టన్. ఆ పేరుతో అమ్మేది నిజానికి టంగ్‌స్టన్ కార్బైడ్. మీ మెషీన్‌లో స్టీలును కోసే ఇన్సర్ట్ కూడా ఆ జాతి పదార్థమే కదా! గీత పడదు, నిజమే. కానీ ఇన్సర్ట్ కింద పడితే అంచు ఎలా ఎగిరిపోతుందో నాకంటే మీకే బాగా తెలుసు. పైగా కార్బైడ్ పొడిని కలిపి పట్టి ఉంచడానికి నికెల్ లేదా కోబాల్ట్ వాడతారు. మీకు ఆ ఒక్క కారణం చాలు, వద్దనడానికి.

డాక్టరుగా నా అభ్యంతరం ఇంకొకటి ఉంది. వేలు విరిగినా, కందిరీగ కుట్టినా గంటలో వాచిపోతుంది. ఉంగరం దిగదు, రక్తం ఆడదు. అప్పుడు క్యాజువాల్టీలో ఉంగరానికీ చర్మానికీ మధ్య సన్నటి రేకు దూర్చి, పైనుంచి చిన్న పళ్ల చక్రం తిప్పుతూ కోస్తాం. బంగారం సులువుగా తెగుతుంది. ప్లాటినానికి కాస్త ఓపిక కావాలి. టైటానియం ఇంకా మొండిది, కరెంటు కట్టర్ ఉంటే మేలు, అయినా తెగుతుంది. కార్బైడ్ మీద ఆ చక్రం జారిపోతుంది. దాన్ని గ్రిప్ ప్లయర్‌తో కొంచెం కొంచెంగా బిగిస్తూ పగలగొట్టాలి. ముక్కలు ఎగురుతాయి కాబట్టి కళ్లకు అడ్డం పెట్టుకోవాలి. ఆ ప్లయర్ మీ వర్క్‌షాపులో ఉంటుంది గానీ ప్రతి ఆసుపత్రిలో ఉండదు.

నన్నడిగితే మీకు 950 ప్లాటినం మొదటిది. నూటికి 95 పాళ్లు ప్లాటినమే, నికెల్ బెడద ఉండదు. గీతలు పడతాయి, కానీ లోహం పెద్దగా రాలిపోదు. ఏళ్ల తర్వాత పాలిష్ పెట్టించుకోవచ్చు. మజూరీ ఎక్కువ, తిరిగి అమ్మేటప్పుడు బంగారంలా పలకదు. డబ్బు చూసుకుంటే టైటానియం. తుంటి కీళ్లలో, పళ్ల ఇంప్లాంట్లలో పెట్టే లోహం అది. తేలిక, చవక. అయితే వేలు లావైతే కొలత పెంచడం దాదాపు కుదరదు. పెద్దవాళ్లు బంగారమే అంటే పసుపు బంగారమే తీసుకోండి. 22 క్యారెట్లు మెత్తన, కాస్త మందంగా చేయించకపోతే వంకర పోతుంది. 18 క్యారెట్లు గట్టిది, కానీ మిగతా పాతిక పాళ్లలో నికెల్ లేదని షాపువాళ్ల చేత రాయించుకోండి. హాల్‌మార్క్ బంగారం ఎంతో చెబుతుంది తప్ప, మిగతాది ఏమిటో చెప్పదు.

అమ్మగారి మాట గురించి. లేత్ దగ్గర ఏ ఉంగరమూ వద్దు, సిలికాన్‌దీ వద్దు. మెడలో గొలుసుకు వేసుకోవడం అంతకంటే ప్రమాదం. లోహపు ముక్కను పట్టుకుని తిరిగే చక్‌కు ఉంగరం తగులుకుంటే చర్మం, రక్తనాళాలతో సహా వేలి నుంచి ఊడొస్తుంది. దీనికి మెషీన్ కూడా అక్కర్లేదు. అమెరికా టీవీ వ్యాఖ్యాత జిమ్మీ ఫాలన్ 2015లో ఇంట్లోనే తట్టుకుని పడబోతే పెళ్లి ఉంగరం దేనికో చిక్కుకుంది. వేలు నిలబెట్టడానికి ఆరు గంటల సర్జరీ చేయాల్సి వచ్చింది. ఈ సంగతి అమ్మగారికి చెప్పండి, కాదనరు. డ్యూటీకి వెళ్లేటప్పుడు తీసి ఇంట్లో పెట్టి, వచ్చి చేతులు కడిగి ఆరాక పెట్టుకోండి.

కొనేముందు ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. నికెల్, కోబాల్ట్, క్రోమియం లాంటివి కొద్ది కొద్దిగా వీపు మీద పట్టీలతో అంటిస్తారు. రెండు రోజులకు తీసి చూస్తారు, మరో ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. అప్పటిదాకా వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. కాబట్టి సెలవు పెట్టుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. మీరు వాడే కూలెంట్ వివరాలు కాగితం మీద రాసుకెళ్లండి, అందులోని రసాయనాలకూ అలర్జీ ఉండొచ్చు. వాపు పూర్తిగా తగ్గాక, సాయంత్రం పూట వేలి కొలత ఇవ్వండి. పొద్దుటి కొలతతో చేయించిన ఉంగరం సాయంత్రానికి బిగుసుకుంటుంది. టెస్ట్ ఫలితం చేతికి వచ్చేదాకా షాపులో అడ్వాన్సు కట్టకండి.