ఎరువు తెచ్చిన పుస్తకం

సందేహం: స్వీడన్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న ‘కోడెక్స్ గిగాస్’ అనే లాటిన్ రాతప్రతి గురించిన ఒక వ్యాసంలో, “మొదటి మఠంవారు దాన్ని తాకట్టు పెట్టారు, తరవాత రెండో రుడాల్ఫ్ చక్రవర్తి ఎరువు తీసుకున్నాడు” అని ఉంది. ఎరువు పొలానికి వేసేది కదా! ‘అరువు’కు ఇది అచ్చుతప్పా? తాకట్టు అన్నచోట తనఖా, కుదువ అనవచ్చునా?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: అచ్చుతప్పు కాదు. ఆ వ్యాసం రాసినవారెవరో మాట తూకం తెలిసి వాడారు. ‘ఎరువు’ అనగానే యూరియా బస్తా తప్ప మరేదీ తోచకపోవడం మన కాలపు లోపం. పక్కింటి నుంచి గ్లాసుడు పంచదార తెచ్చుకుంటే బదులు. జల్లెడ తెచ్చుకుంటే ఎరువు. పంచదార వాడితే అయిపోతుంది కనుక అంతే పంచదార మరొకటి ఇస్తాం. జల్లెడ మాత్రం ఆ జల్లెడే తిరిగి వెళ్లాలి. పెళ్లికి ఎరువు తెచ్చుకున్న నగల మీదే కదా “ఎరువు సొమ్ము బరువు చేటు” అన్న సామెత పుట్టింది.

పాతరూపం ఎరవు. నిఘంటువులు చూపేదీ ఇదే. నడిమి అకారం నోళ్లలో నాని ఉకారమై, పొలపు ఎరువుతో కలిసిపోయింది. రెంటికీ చుట్టరికం లేదు. పొలపుది తమిళంలో ‘ఎరు’, అంటే పేడ. మనదానికి తమిళంలో జంట ‘ఇరవల్’. కన్నడంలో ‘ఎరవు’, ‘ఎరవల్’ రెండూ ఉన్నాయి. తమిళంలో ‘ఇ’, మనకు ‘ఎ’ ఏమిటంటారా? వారి ఇడం మనకు ఎడ. వారి ఉడల్ మనకు ఒడలు. తరవాతి అక్షరంలో అకారం ఉన్నప్పుడు వారు ఇ, ఉ పలికేచోట మనమూ కన్నడిగులూ ఎ, ఒ పలుకుతాం. ఇరవల్‌కు మూలమైన ‘ఇర’ ధాతువుకు తమిళంలో యాచించడమని అర్థం. కాబట్టి ఎరవు అంటే అడిగి తెచ్చుకున్నది. అడిగి తెచ్చుకున్నది అడిగినవాడిది కాదన్న సంగతి ధాతువులోనే ఉంది. ‘తాత్కాలిక ప్రాతిపదికన స్వీకరించడం’ అని రాసేవారు ఈ మూడక్షరాల మాట ఎందుకు వదిలేశారో!

ఇక పుస్తకం. నిలువు సుమారు 90 సెంటీమీటర్లు, అడ్డం 50, బరువు 75 కిలోలు. 310 తోలు ఆకులు, అంటే 620 పేజీలు. (తాటాకులు కావు. పాతపుస్తకం కనబడితే చాలు ‘తాళపత్ర గ్రంథం’ అనేవారు గమనించాలి.) 13వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశంలో) తయారైంది. దస్తూరి అంతా ఒక్కరిదేనని చూసినవారి నిర్ణయం. ఒక పేజీలో సైతాను బొమ్మ ఉంది కనుక లోకమంతా దీన్ని ‘సైతాను బైబిలు’ అంటోంది. ఒక్క బొమ్మ కోసం తక్కిన 619 పేజీలకు ఆ పేరు అంటగట్టడం న్యాయం కాదు. బైబిలుతో పాటు యూదు చరిత్రకారుడు జోసిఫస్ రాసిన చరిత్రలు, వైద్య గ్రంథాలు, కోస్మాస్ రాసిన బొహీమియా చరిత్ర ఉన్నాయి. వాటి మధ్యనే నాకు ఇష్టుడైన ఇసిడోర్ ఉన్నాడు. ఈయన స్పెయిన్‌లోని సెవిల్ బిషప్పు, 636లో పోయాడు. ఆయన 20 భాగాల విజ్ఞాన సర్వస్వం పేరే ‘ఎటిమొలోగియే’, అంటే వ్యుత్పత్తులు. ప్రపంచంలో ప్రతి వస్తువునూ దాని పేరు పుట్టుకతో వివరించబోయాడు. చాలాచోట్ల తప్పాడు. చేతికర్రకు లాటిన్‌లో బాకులుస్ అని పేరు. తాగి తూలేవారు ఆనుకోవడానికి మద్యదేవత బాకస్ కనిపెట్టాడట దాన్ని! మన ఊరిపేర్లకు స్థలపురాణాలు అల్లేవారికి ఈయన పెదనాన్న వరస.

అయితే మీ సందేహం దగ్గర మాత్రం ఆయన తప్పలేదు. అయిదో భాగంలో అప్పుల లెక్క తేల్చాడు. ‘మూతుఉమ్’ అంటే, నేను నీకిచ్చినది నాదల్లా నీదైపోతుంది (మెఉమ్ నాది, తూఉమ్ నీది, రెండూ కలిసి ఆ మాట అయిందని ఆయన ముచ్చట). ఇది మన అప్పు, బదులు. ‘కొమ్మొదాతుమ్’ అంటే, నాదైన వస్తువు కొంతకాలం నీ దగ్గర ఉంటుంది. ఇది ఎరవు. ‘పిగ్నుస్’ అంటే, బాకీకి కట్టుబడ్డ వస్తువు. అది అప్పిచ్చినవాడి చేతికి వెళ్తుంది గానీ హక్కు బాకీదారుదే. ఇది తాకట్టు. ‘హ్యుపొతేకా’ అంటే, వస్తువు అప్పగించకుండా ఒప్పందంతోనో పత్రంతోనో కట్టుబడడం. బండి మీ ఇంటి ముందే ఉండి, కాగితంలో బ్యాంకు పేరుతో ‘హైపోథెకేషన్’ అని ఉంటుందే, అది.

ఈ కొలబద్ద ఆ పుస్తకంలోనే ఉంది. దాని చరిత్రకే పెట్టి చూడండి. పొడ్లాజిత్సే అనే చిన్న మఠం మొదట తెలిసిన యజమాని. వాళ్లు బెనెడిక్టైన్లనే శాఖకు చెందిన క్రైస్తవ సన్యాసులు, నల్ల అంగీలవారు. చేతిలో డబ్బాడక సెడ్లెత్స్‌లోని సిస్టెర్షియన్ మఠం, అంటే తెల్ల అంగీలవారి దగ్గర పుస్తకం తాకట్టు పెట్టారు. 1295లో బ్రెవ్నోవ్ మఠాధిపతి బావో దాన్ని కొని మళ్లీ నల్ల అంగీల పక్షానికి తెచ్చాడు. ఈ సంగతంతా పుస్తకంలోనే రాసుకున్నారు. అక్కడే దీన్ని లోకంలోని ఏడు వింతల్లో ఒకటనీ అన్నారు. తాకట్టు కనుక సెడ్లెత్స్ వారు దాన్ని తాకట్టు పట్టుకున్నవారే గానీ యజమానులు కారు. యజమానుల వరసలో వారిని చేర్చే వ్యాసాలు ఇక్కడే తప్పుతున్నాయి.

15వ శతాబ్దంలో బొహీమియాలో జరిగిన హుస్సైటు మతయుద్ధాల్లో బ్రెవ్నోవ్ పాడయ్యాక పుస్తకం బ్రౌమోవ్‌లోని మఠానికి చేరింది. 1594లో రుడాల్ఫ్ దాన్ని ప్రాగ్ కోటకు తెప్పించుకున్నాడు, తిరిగి ఇస్తానని. 1612లో ఆయన పోయాడు. పుస్తకం తిరిగి వెళ్లలేదు. 1648లో స్వీడిష్ సైన్యం ప్రాగ్ కోటను కొల్లగొట్టి దీన్నీ పట్టుకుపోయింది. అంటే ఎరువు తెచ్చినవాడి ఇంట్లో దొంగలు పడ్డారు. పోయింది ఎరువిచ్చినవాడి సొమ్ము. దీన్ని ‘స్వీడన్ సొంతం చేసుకుంది’ అని మర్యాదగా రాస్తున్నాం. తాకట్టు, కొనుగోలు, ఎరవు, కొల్ల అన్నీ ఇప్పటి రాతల్లో ‘చేతులు మారింది’ అన్న ఒక్క గాటన కట్టేస్తున్నాం. కొల్లకు కొల్ల అనే అనాలి.

1697 మే 7న స్టాక్‌హోమ్ కోట తగలబడినప్పుడు దీన్ని కిటికీలోంచి కిందికి విసిరి కాపాడారు. కట్టు దెబ్బతింది. మన లేఖకులు పుస్తకం చివర “తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేచ్ఛిథిలబంధనాత్” అని రాసుకునేవారు. నూనె, నీరు, వదులైన కట్టు తలచుకున్నారు గానీ కిటికీని తలచుకోలేదు. 2007 సెప్టెంబరులో ప్రాగ్‌లో ప్రదర్శనకు వెళ్లి, 2008 జనవరి దాకా ఉండి తిరిగొచ్చింది. ఇదీ ఎరవే. ‘స్వీడన్ అప్పుగా ఇచ్చింది’ అని రాస్తే, బదులుగా 75 కిలోల మరో పుస్తకం పుచ్చుకోవడానికి స్వీడన్ సిద్ధపడాలి.

మీ తక్కిన ప్రశ్నలు. కుదువ అన్నది తాకట్టే, కాస్త పాతమాట; నిరభ్యంతరంగా వాడండి. తనఖా రిజిస్ట్రారు ఆఫీసు మాట, ఇల్లూ పొలమూ లాంటి స్థిరాస్తికి పొసుగుతుంది. మోసుకెళ్లి అప్పగించిన పుస్తకానికి నప్పదు. అరువు అంగడి మాట, సరుకు ముందు, డబ్బు తరవాత. అయినా ‘అరువు తెచ్చుకున్న పుస్తకం’ అని ఇప్పుడు చాలామంది అంటున్నారు, దాన్ని తప్పని కొట్టివేయలేను. నేనైతే ఎరవు అనే రాస్తాను. ఎరువు అన్నా ఒప్పుకుంటాను. చేబదులు డబ్బుకే, అదీ కాగితం లేనప్పుడే.