హంపీ ట్రిప్‌కి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్. జీతం చేతికి 64,000 వస్తుంది. దసరా సెలవుల్లో అమ్మానాన్న, మా ఆవిడ, ఇద్దరు పిల్లలతో (12, 9 ఏళ్లు) బేలం గుహలు, గండికోట, లేపాక్షి, హంపీ, బాదామి ఆరు రోజుల్లో చూసి రావాలని ఉంది. 75,000 అవుతుందని అంచనా. చేతిలో 15,000 ఉంది. మిగతా 60,000కు పర్సనల్ లోన్ తీసుకోనా, చిట్టీ పాడనా? లక్ష చిట్టీలో నెలకు 5,000 చొప్పున ఆరు నెలలు కట్టాను, ఇంకా పద్నాలుగు ఉన్నాయి. పోయిన నెల 78,000కు పోయింది. ఏడు సీట్ల బండికి కిలోమీటరుకు 20 రూపాయలు అడుగుతున్నారు, తిరిగేది మొత్తం 1,400 కిలోమీటర్లు. మా సొంత ఐదు సీట్ల కారులోనే సర్దుకుని వెళ్తే? టోల్‌కి ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకుంటే కలిసొస్తుందా?

జవాబు: ముందు సొంత కారు సంగతి. మీది ఐదు సీట్ల బండి, మీరు ఆరుగురు. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని మేడ్చల్ దాకా వెళ్లడం వేరు, ఆరు రోజులు హైవే మీద తిరగడం వేరు. జరగరానిది జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఆ ఆరో మనిషి పేచీ అవుతాడు. బండి మాట్లాడుకోవాల్సిందే.

అసలు ఖర్చు అక్కడే దాక్కుంది. మీరు 1,400 కిలోమీటర్లను 20తో గుణించి 28,000 వేసుకున్నారు. ట్రావెల్స్ వాళ్లు అలా లెక్క కట్టరు. రోజుకు కనీసం 300 కిలోమీటర్లు పట్టుకుంటారు. ఆరు రోజులకు 1,800 కిలోమీటర్లు, అంటే 36,000. డ్రైవర్ బత్తా రోజుకు 500 చొప్పున ఇంకో 3,000. మీ 75,000 కాస్తా 86,000 అయింది. హంపీలో ఒక రోజంతా ఆగారనుకోండి. విఠ్ఠలాలయం టికెట్ పెద్దవాళ్లకు 40 రూపాయలు, 15 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. మీ ఆరుగురికీ కలిపి 160. ఆ రోజు బండి ఇరవై కిలోమీటర్లు తిరిగినా మీరు కట్టేది 6,000.

లోన్ లెక్క చూద్దాం. 60,000కు 16 శాతం వడ్డీ, రెండేళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 2,940. కట్టేది మొత్తం 70,500, ప్రాసెసింగ్ ఫీజు అదనం. చిట్టీ ఇంకా దండగ. 78,000కే పాడితే 22,000 వదులుకున్నట్టు. చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ లక్ష మీద ఐదు శాతం తీసేసి మిగిలింది ఇరవై మందికీ పంచితే మీ వాటాకు తిరిగొచ్చేది 850. అవసరం 60,000 అయితే 78,000 ఎత్తి, మిగతాది ఇంట్లో పెట్టుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండూ వద్దు.

నేనైతే ట్రిప్‌ని రెండుగా విడగొడతాను. ఇప్పుడు మూడు రోజులు: బేలం, గండికోట, యాగంటి. లేపాక్షి, హంపీ, బాదామి ఇంకో ఏడాదికి. బండికి 900 కిలోమీటర్ల లెక్కన 18,000, బత్తా 1,500, టోల్, పర్మిట్, పార్కింగ్ 2,000. రెండు రాత్రులు రెండేసి గదులు, గది 2,500 అనుకుంటే 10,000. తిండికి మనిషికి రోజుకు 500 వేస్తే 9,000. టికెట్లు, నీళ్లు, పిల్లల చిరుతిళ్లు 2,500. మొత్తం 43,000. మీ 15,000 పోగా కావాల్సింది 28,000. దసరాకు కాకుండా సంక్రాంతి సెలవులకు పెట్టుకుంటే, జూన్ జీతం నుంచి డిసెంబర్ జీతం దాకా నెలకు 4,000 తీస్తే సరిపోతుంది. ఎలాగూ 2,940 ఈఎంఐకి సిద్ధపడ్డారు కదా, ఇంకో వెయ్యి చూసుకోండి. ఏడు నెలల డబ్బుకు వడ్డీ ఎక్కడెక్కువని వెతక్కండి, జీతం పడని వేరే సేవింగ్స్ ఖాతాలో పడేయండి.

పెద్దవాళ్ల కోసం కూడా ఇదే మేలు. బేలం గుహ పొడవు 3,229 మీటర్లు. మనల్ని తిరగనిచ్చేది అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకానే, అయినా మెట్లు దిగాలి, లోపల ఉక్కపోత. మా నాన్నగారు సగంలోనే వెనక్కి తిరిగారు. మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే బయట పెద్ద బుద్ధ విగ్రహం దగ్గర కూర్చోబెట్టండి, సాయంత్రం గండికోటకు ఓపిక మిగులుతుంది. అక్కడ పెన్నా లోయ అంచుకు వెళ్లాలంటే ఇటుకలు పేర్చినట్టుండే ఎర్రబండల మీద నడవాలి. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు మాత్రం కోటలో తీరిగ్గా చూడొచ్చు.

ఫాస్టాగ్ వార్షిక పాస్ గురించి కూడా అడిగారు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఆ పాస్ సొంత వాడకం కార్లకే, అద్దె బండికి పనికిరాదు.

బండి ఖాయం చేసేముందు రెండు విషయాలు వాట్సాప్‌లో రాయించుకోండి: ఆంధ్రా పర్మిట్ రేటులో కలిసిందా, కిలోమీటర్లు వాళ్ల షెడ్డు నుంచా మీ ఇంటి నుంచా. రోజు లెక్క చాలామంది అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కడతారు. ముందు రోజు రాత్రి పదకొండుకు ఎక్కితే ఆ గంటకూ ఒక రోజు బిల్లు పడుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరండి.