ఈతకొలనులో నీరు పచ్చబడి మసకబారితే ఏం చేయాలి?

హైదరాబాదులో వారం రోజులు ముసురు పట్టాక పెరటి కొలను పచ్చబడి అడుగు కనిపించడం లేదని, నీళ్లన్నీ తోడేయాలా అని అడిగారు. అక్కరలేదు, వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో అది దుబారా కూడా. గోడను వేలితో రాస్తే జారుడుగా తగిలేది నాచే, క్లోరిన్ తగ్గినప్పుడు అది పెరుగుతుంది.

ముందు నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత అయిన పీహెచ్‌ను 7.2కు తీసుకురండి. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సుమారు సగం చురుకుగా పనిచేస్తే, 8 దగ్గర దాదాపు పావు వంతే పనిచేస్తుంది కనుక, ఈ మెట్టు దాటేసి ఎంత మందు పోసినా వృథాయే. తరువాత గోడలు, మెట్లు బ్రష్‌తో గట్టిగా రుద్ది, పొద్దుగూకాక క్లోరిన్ వేయండి. పగటి ఎండ దాన్ని విరిచేస్తుంది. 50 వేల లీటర్ల కొలనులో క్లోరిన్ 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) రావడానికి 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ (క్లోరిన్ పొడి) దాదాపు 770 గ్రాములు పడుతుంది, ముదురు పచ్చకైతే ఇంకా ఎక్కువే. పీహెచ్ తగ్గించే ఆమ్లాన్నీ క్లోరిన్‌నూ ఒకే బకెట్లో ఎన్నడూ కలపకండి, విషవాయువు వెలువడుతుంది.

ఫిల్టరును రాత్రింబవళ్లు నడిపి, పీడనం పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీటిని వెనక్కి పారించి ఫిల్టరులో పట్టిన మురికిని కడిగేయండి. నాచు చచ్చాక నీరు బూడిద రంగు మసకగా మారుతుంది, అది మంచి గుర్తే. రెండు మూడు రోజులైనా తేటపడకపోతే పటిక నీళ్లు చల్లి, పంపు ఆపి, తెల్లారాక అడుగున పేరుకున్న మడ్డిని ఫిల్టరులోకి పంపకుండా నేరుగా బయటికి లాగేయండి. క్లోరిన్ 3 పీపీఎంకు దిగేదాకా పిల్లల్ని దించవద్దు.